లైవ్‌లో పెట్టాక సైట్ నా ల్యాప్‌టాప్‌లో బాగుంది, మా మామ ఫోన్లో లేదు. తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలు

గరిటె_కోడలు:

అందరికీ నమస్కారం. మాది ఉదయగిరి. మా మామకి ఊళ్ళో చెక్క గరిటెల అంగడి ఉంది. చెక్కేవాళ్ళ దగ్గర సరుకు తీసుకుని గరిటెలు, చెంచాలు, ఫోర్కులు, అట్లకాడలు అమ్ముతాడు. బయటూరి వాళ్ళు అడిగినప్పుడల్లా వాట్సాప్‌లో ఫోటోలు పంపీ పంపీ ఆయన ఫోన్ నిండిపోయింది. పెళ్ళికి ముందు నేను నెల్లూరులో ఆర్నెల్లు పీహెచ్‌పీ, అదే సైట్లు రాసే భాష, నేర్చుకున్నా. ఆ ధైర్యంతో ఒకరోజు అన్నం పెడతా పెడతా "సైట్ నేను చేస్తాలే మామా" అన్నా. గమ్మున ఉండాల్సింది.

పిల్లోడు పడుకున్నాక రాత్రిపూట కూర్చుని రెండు నెలలు చేశా. వర్డ్‌ప్రెస్ కాదు, చేత్తో రాసిన పీహెచ్‌పీ. ల్యాప్‌టాప్ విండోస్, అందులో జాంప్, అంటే సైటుని మన మెషీన్లోనే నడిపి చూసుకునే సాఫ్ట్‌వేరు. మొత్తం 38 రకాల సరుకు, ఒక్కోదానికి ఫోటో, తెలుగులో పేరు, రేటు, కింద "నాకు కావాలి" అని చిన్న ఫారం. ల్యాప్‌టాప్‌లో ఒక్క వంక లేదు. పోయిన ఆదివారం డొమైన్ కొని, సీప్యానెల్ (సర్వర్లో మన ఫైళ్ళూ డేటాబేసూ చూసుకునే పేజీ) ఉండే మామూలు లినక్స్ హోస్టింగ్ తీసుకుని ఎక్కించా.

మొదటి రాత్రి తెల్ల పేజీ. డేటాబేస్ యూజర్ రూట్, పాస్‌వర్డ్ ఖాళీ అని ఇంట్లో ఉన్నట్టే పంపేశా. ఎర్రర్ లాగ్‌లో అదే రాసి ఉంది. కొత్త డేటాబేస్, కొత్త యూజర్ చేసుకున్నా. ఆ పేర్ల ముందు సీప్యానెల్ మన అకౌంట్ పేరు తగిలిస్తదని తెలియక ఇంకో గంట పోయింది. సరే, పేజీ వచ్చింది. సంబరపడిపోయి మామకి లింకు పంపా.

ఆయన ఫోన్ చేసి "ఏందమ్మా ఇది, రంగూ లేదు, ఫోటోలూ లేవు, కరెంటు బిల్లు మాదిరి ఉండాది" అన్నాడు. నేను ల్యాప్‌టాప్‌లో చూస్తే రంగులున్నాయి, ఫోటోలున్నాయి. ఆయన ఫోను పాతదిలే అనుకున్నా. మా మరిది ఫోను కొత్తది, దాంట్లోనూ అంతే.

నా ల్యాప్‌టాప్‌లో కూడా మొదటి పేజీ వరకే బాగుంది. ఏ సరుకు మీద నొక్కినా 404, పేజీ దొరకలేదని. సరుకుల పేర్లు మాత్రం అందరికీ ఒకటే మాదిరి, ప్రశ్నార్థకాలు. "గరిటె" ఉండాల్సిన చోట వరసగా ఐదు. మూడక్షరాల మాటకి ఐదెందుకో నాకు అర్థం కాలేదు. ఇంకో వింత చెప్పాలి. ఫారం పనిచేస్తుందా లేదా చూద్దామని కావలిలో ఉండే మా మేనత్తతో, ఇంకో ఇద్దరితో నింపించా. అత్త తెలుగులో రాసింది, "ఉప్పు గరిటెలు నాలుగు పంపు" అని. లోపల నేను చూసుకునే పేజీలో అది చక్కగా తెలుగులోనే కనపడుతోంది. అదే డేటాబేసు, అదే సర్వరు!

హోస్టింగ్ వాళ్ళ చాట్‌లో అడిగితే "మా సర్వర్ బాగుంది, మీ కోడ్ చూసుకోండి" అని ముగించారు.

రొట్టెల పండక్కి మామ నెల్లూరులో అంగడి వేస్తున్నాడు, స్వర్ణాల చెరువు దగ్గర. సైట్ పేరు పెద్దక్షరాల్లో వేయించి ఫ్లెక్సీ కూడా కొట్టించేశాడు. ఇంకా ఎనిమిది రోజులుంది. ఎవరైనా చెప్పండి అన్నా, యాడ మొదలుపెట్టేది?

కావలి_కుర్రోడు:

అక్కా, ముందు బ్రౌజర్ క్యాష్ క్లియర్ చెయ్. పోకపోతే ఫోల్డర్లన్నిటికీ పర్మిషన్ 777 ఇచ్చేయ్, మొత్తం డిలీట్ చేసి మళ్ళీ అప్‌లోడ్ కొట్టు. నాకు ఒకసారి అట్టానే సెట్టయింది. ఇంకా కాకపోతే పండగలో వెబ్‌సైట్ రొట్టె పట్టుకో, విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె పక్కన అది కూడా పెట్టాలి ఇక.

ఒంగోలు_పాత_నెట్‌సెంటర్:

కుర్రోడా, రొట్టె సంగతి ఏమోగానీ 777 మాట ఇంకెవరికీ చెప్పమాక. ఆ మెషీన్లో ఉండే ఎవడైనా వచ్చి ఫైలు మార్చుకోవచ్చని చీటీ అంటించడం అది. కొన్ని హోస్టింగుల్లో 777 ఉన్న పీహెచ్‌పీ ఫైలుని సర్వరు నడపనే నడపదు, 500 ఎర్రరు చూపిస్తుంది. ఫోల్డర్లకి 755, ఫైళ్ళకి 644 చాలు.

అమ్మాయ్, నువ్వు రాసిన దాంట్లో అన్నిటికంటే పనికొచ్చే ముక్క "నా ల్యాప్‌టాప్‌లో బాగుంది" అన్నది. మిగతావి తర్వాత. ఇప్పుడు ఒకటే పని చెయ్యి. జాంప్ కంట్రోల్ ప్యానెల్ తెరిచి అపాచీని, అంటే నీ ల్యాప్‌టాప్‌లో పేజీలిచ్చే సర్వర్ని, ఆపెయ్. ఆపి, లైవ్ సైట్‌ని కంట్రోల్ ఎఫ్5 కొట్టి చూడు. ఏం కనపడిందో ఇక్కడ రాయి.

గరిటె_కోడలు:

అన్నా!! నాది కూడా కరెంటు బిల్లు అయిపోయింది. రంగుల్లేవు, ఫోటోల్లేవు. నా ల్యాప్‌టాప్‌లో అపాచీ ఆపితే ఎక్కడో ఉన్న సర్వర్లో సైట్ ఎట్టా పాడైపోతది?

ఒంగోలు_పాత_నెట్‌సెంటర్:

సర్వర్లో ఏం పాడు కాలేదు. అక్కడ మొదటి నుంచీ అట్టానే ఉంది. పేజీ మీద రైట్ క్లిక్ కొట్టి సోర్స్ చూడు. స్టైల్ ఫైలు లైనులో, ఫోటోల లైన్లలో లోకల్‌హోస్ట్ స్లాష్ గరిటె అనో ఏదో నీ ఫోల్డరు పేరు ఉంటుంది చూడు. కాన్ఫిగ్ ఫైల్లో సైట్ అడ్రసు ఒకచోట పెట్టుకుని స్టైల్ ఫైలుకీ, ఫోటోలన్నిటికీ దాన్నే వాడి ఉంటావు. ఆ అలవాటు మంచిదే, కానీ ఆ ఒక్కచోట మార్చడం మర్చిపోయావు.

లోకల్‌హోస్ట్ అంటే "మా ఇంట్లో" అన్న మాట లాంటిది. నువ్వంటే ఉదయగిరి, నేనంటే ఒంగోలు. ఎవరి నోటి నుంచి వస్తే వాళ్ళ ఇల్లు. పేజీని వండేది సర్వరే గానీ, "స్టైల్ ఫైలు లోకల్‌హోస్ట్‌లో ఉంది, తెచ్చుకో" అన్న లైను చదివేది చూసేవాళ్ళ బ్రౌజరు. మీ మామ ఫోను తన జేబులో తాను వెతుక్కుంది, ఏం దొరకలేదు. నీ ల్యాప్‌టాప్ కూడా తనలోనే వెతికింది, జాంప్ నడుస్తోంది కాబట్టి దొరికాయి. నాలుగు రోజులుగా నువ్వు చూస్తున్నది సగం లైవ్ సైటు, సగం నీ హార్డ్‌డిస్కు.

ట్రంకు రోడ్డులో నెట్‌సెంటర్ నడిపే రోజుల్లో నేనూ ఇదే చేశా. కస్టమర్ని పక్కన కూర్చోబెట్టుకుని నా సిస్టంలో చూపించి, డబ్బులు కూడా తీసుకున్నా. ఆయన ఇంటికెళ్ళి చూసుకుని సాయంత్రానికి తిరిగొచ్చాడు. అప్పట్నుంచీ ఏ సైటైనా ముందు వేరేవాళ్ళ ఫోన్లో, వైఫై కాకుండా మొబైల్ డేటాతో చూస్తా.

కాన్ఫిగ్‌లో ఆ అడ్రసు తీసి నీ డొమైన్ పెట్టు, ముందు హెచ్‌టీటీపీఎస్ ఉండాలి. ఉత్త హెచ్‌టీటీపీ పెట్టావా, తాళం గుర్తు వచ్చిన పేజీలో బ్రౌజరు స్టైల్ ఫైల్ని రానివ్వదు, మళ్ళీ ఇదే గోల.

గరిటె_కోడలు:

అన్నా, మొత్తం పోయింది. మీరు చెప్పినట్టు లోకల్‌హోస్ట్ అని ఎక్కడుంటే అక్కడ వెతికి డొమైన్ పేరు పెట్టేశా. ఇప్పుడు మొదటి రాత్రి మాదిరి తెల్ల పేజీ. మామ రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు.

ఒంగోలు_పాత_నెట్‌సెంటర్:

ఎత్తు, ఎత్తి సాయంత్రానికల్లా అయిపోద్దని చెప్పు. తప్పు నాది, సగమే చెప్పా. డేటాబేస్ కనెక్షన్ లైనులో కూడా లోకల్‌హోస్ట్ ఉంటుంది, దాన్నీ మార్చేశావు. అది మార్చకూడదు. ఆ లైను చదివేది ఫోను కాదు, సర్వరు. సర్వరు "మా ఇంట్లో" అంటే సర్వర్లోనే అని, మీ హోస్టింగులో డేటాబేసు ఉండేది అక్కడే కదా. కొన్నిచోట్ల డేటాబేసు వేరే మెషీన్లో పెడతారు, అప్పుడు వాళ్ళే పేరిస్తారు. నీకు మాత్రం మళ్ళీ లోకల్‌హోస్ట్ అనే పెట్టు.

ఆ చేత్తోనే 404 కూడా చూద్దాం. నీ లింకులు ప్రశ్నార్థకాలు, నంబర్లు లేకుండా అందంగా ఉంటాయా? అట్టా ఉంటే, ఏ లింకుని ఎక్కడికి పంపాలో సర్వరుకి చెప్పే డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే ఫైలు ఉండాలి. అందులో ఏముందో రాయి.

గరిటె_కోడలు:

లోకల్‌హోస్ట్ వెనక్కి పెట్టా, పేజీ వచ్చింది. మామ ఫోన్లో రంగులు కూడా వచ్చాయి! ఫోటోలు కొన్నే వచ్చాయి, దాని సంగతి తర్వాత రాస్తా.

లింకులు అవును, అందంగానే ఉంటాయి, క్లాసులో చెప్పారు. కానీ ఆ ఫైలు సర్వర్లో లేదన్నా. ఫైల్ మేనేజర్ మొత్తం వెతికా. ల్యాప్‌టాప్‌లో ఉంది, అప్‌లోడ్ కూడా చేశానే!

ఒంగోలు_పాత_నెట్‌సెంటర్:

ఉంది, దాక్కుంది. పేరు చుక్కతో మొదలైతే లినక్స్ దాన్ని మామూలుగా చూపించదు. ఫైల్ మేనేజర్లో పైన కుడివైపు సెట్టింగ్స్ నొక్కి, దాచిన ఫైళ్ళు చూపించు అన్న దగ్గర టిక్ పెట్టు. తెరిచి చూస్తే రీరైట్‌బేస్ అనే లైను ఉంటుంది, దాని ఎదురుగా నీ జాంప్ ఫోల్డరు పేరు ఉంటుంది. ఇంట్లో సైటు గరిటె ఫోల్డర్లో ఉంది, లైవ్‌లో పబ్లిక్ హెచ్‌టీఎంఎల్‌లో నేరుగా పోశావు. సర్వరు ప్రతి లింకునీ లేని ఫోల్డర్లోకి తోలుతోంది. ఆ పేరు కొట్టేసి ఒక్క స్లాష్ మిగుల్చు.

గరిటె_కోడలు:

అచ్చం అట్టానే ఉంది. మార్చా, లింకులన్నీ తెరుచుకుంటున్నాయి. నా ఇంటికొచ్చి చూసినట్టు చెప్తున్నారు.

ఇక ఆ ప్రశ్నార్థకాలు. రాత్రి మా ఆయన పక్కన కూర్చుని "గరిటెకి ఐదు, చెంచాకి ఐదు, అట్లకాడకి ఏడు" అని లెక్కపెడుతున్నాడు. ఆయనకది బో సరదాగా ఉంది.

ఒంగోలు_పాత_నెట్‌సెంటర్:

మీ ఆయన లెక్క కరెక్టే, అదే మందు కూడా. మనం గరిటె అని మూడక్షరాలు చూస్తాం. కంప్యూటరు గుణింతాన్ని విడదీసి దాచుకుంటుంది. గ, ర, గుడి, ట, ఎత్వం. ఐదు. అట్లకాడలో అ, ట, పొల్లు, ల, క, దీర్ఘం, డ. ఏడు. ఒక్కోదానికి ఒక్కో ప్రశ్నార్థకం పడిందంటే డేటాబేసు ఒక్కో తెలుగు గుర్తునీ చూసి "ఇది నా దగ్గర లేదు" అని చేతులెత్తేసిందన్న మాట. అంటే మధ్యలో లాటిన్1 అనే ఇంగ్లీషు మాదిరి అక్షరాల పాత పట్టిక ఉంది. అందులో తెలుగుకి చోటే లేదు.

సీప్యానెల్‌లో డేటాబేసుని నేరుగా తెరిచి చూసే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో సరుకుల టేబుల్ తెరువు. పేర్లు అక్కడెట్టా ఉన్నాయి? అట్టనే మీ మేనత్త రాసింది కూడా చూడు.

గరిటె_కోడలు:

టేబుల్లో పేర్లు చక్కగా తెలుగులోనే ఉన్నాయి. అత్త రాసింది మాత్రం చెత్త చెత్తగా ఉంది. తలకాయ మీద గీత ఉన్న ఇంగ్లీషు చిన్న 'ఎ', పక్కన గాల్లో చిన్న సున్నా, మళ్ళీ గీత 'ఎ', మళ్ళీ సున్నా. మధ్యలో ప్లస్ మైనస్ గుర్తులు. అంటే సైట్లో బాగున్నది ఇక్కడ పాడు, ఇక్కడ బాగున్నది సైట్లో పాడు!

ఒంగోలు_పాత_నెట్‌సెంటర్:

నేను ఎదురుచూసింది అదే. టేబుల్లో పేర్లు తెలుగులో ఉన్నాయంటే సరుకు భద్రంగా ఉంది. అక్కడే ప్రశ్నార్థకాలు పడుంటే ఆ అక్షరాలు పోయినట్టే, మళ్ళీ ఇంపోర్ట్ చేసుకోవాల్సొచ్చేది. తప్పు తలుపు దగ్గర ఉంది, ఇంట్లో కాదు. నీ పీహెచ్‌పీ డేటాబేసుతో మాట్లాడేటప్పుడు ఏ అక్షరాల పద్ధతో చెప్పలేదు. చెప్పకపోతే సర్వరు తన అలవాటు వాడుతుంది. నీ జాంప్‌లో ఆ అలవాటు యూటీఎఫ్8ఎంబీ4, అంటే అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి, అయ్యుంటుంది, అందుకే రెండు నెలలు ఏం తెలియలేదు. హోస్టింగులో లాటిన్1.

అత్తగారి సంగతి తమాషా. తెలుగు గుర్తు ఒక్కోటి యూటీఎఫ్8లో మూడు బైట్లు. మొదటి రెండూ ఎప్పుడూ ఈ0 బీ0, లేకపోతే ఈ0 బీ1. లాటిన్1 కళ్ళద్దాలు పెట్టుకుని వాటిని చూస్తే గీత 'ఎ', డిగ్రీ సున్నా. రెండోదైతే గీత 'ఎ', ప్లస్ మైనస్. ఆమె రాసింది లాటిన్1 తలుపులోంచి లోపలికెళ్ళి చెత్తగా పడుకుంది. నువ్వు అదే తలుపులోంచి బయటికి తీస్తే తిరగబడి మళ్ళీ తెలుగైంది. రెండు తప్పులు కలిసి ఒప్పులా కనపడ్డాయి.

మందు ఒక్క లైను. డేటాబేస్ కనెక్షన్ తెరిచిన వెంటనే, దాని కిందనే, మైఎస్‌క్యూఎల్ఐ సెట్ చార్‌సెట్ పెట్టి యూటీఎఫ్8ఎంబీ4 అని ఇవ్వు. ముందే చెప్తున్నా, పెట్టగానే పేర్లు బాగుపడతాయి, అత్తగారిది, ఆ ఇద్దరివి సైట్లో చెత్తయిపోతాయి. కంగారుపడి లైను తీసెయ్యమాక. వాటిని వెనక్కి తిప్పే క్వెరీ ఉంది గానీ మూడు వరసల కోసం అదెందుకు? పొరపాటున మొత్తం టేబుల్ మీద నడిపావంటే బాగున్నవి కూడా పోతాయి. ఆ మూడూ ఎక్కడన్నా కాపీ చేసుకుని, లైను పెట్టాక చేత్తో టైపు చెయ్యి.

గరిటె_కోడలు:

పెట్టా. వచ్చాయన్నా, 38 పేర్లూ వచ్చాయి. అత్తది చెత్తయింది, మీరన్నట్టే. మళ్ళీ టైపు చేశా.

ఇక ఫోటోలు. లోకల్‌హోస్ట్ తీసేశాక 24 వచ్చాయి, 14 రాలేదు, ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో కూడా రావట్లేదు. ఫైల్ మేనేజర్లో చూస్తే 38 ఫైళ్ళూ ఉన్నాయి. పేర్లు కూడా సరిగానే ఉన్నాయి.

పొదలకూరు_నిమ్మ:

ఇంతసేపూ చదువుతా ఉండా, ఇది నేను చెప్తా. ఆ 14 ఫోటోలు ఎవరు తీశారు? నువ్వు తీసినవి వచ్చి, వేరేవాళ్ళు తీసినవి పోయాయా? పేరు చివర జేపీజీ చిన్నక్షరాల్లో ఉందో పెద్దక్షరాల్లో ఉందో చూడు.

గరిటె_కోడలు:

మా మరిది తీశాడు, వాళ్ళ ఫ్రెండు కెమెరాతో. అన్నిటికీ చివర పెద్ద జేపీజీ. మూడింటికి గరిటెలో మొదటి జీ కూడా పెద్దదే. నేను కోడ్‌లో అన్నీ చిన్నవి రాశా. కానీ జాంప్‌లో వచ్చాయే?

పొదలకూరు_నిమ్మ:

విండోస్‌కి పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టదు, ఏ పేరుతో పిలిచినా పలుకుద్ది. లినక్స్‌కి అవి రెండు వేరే ఫైళ్ళు. ఫోటోల ఫోల్డర్లో కమాండ్ విండో తెరిచి రెన్ కమాండ్‌తో పెద్ద జేపీజీలన్నిటినీ ఒక్క దెబ్బకి చిన్నవి చెయ్, ఆ మూడింటినీ చేత్తో మార్చు, మళ్ళీ ఎక్కించు. పాతవి సర్వర్లోంచి తీసెయ్, లేదంటే రెండూ పక్కపక్కనే పడుంటాయి.

నాకు ఇదే రోగం టేబుల్ పేర్లలో వచ్చింది. నిమ్మకాయల కమీషన్ కొట్టుకి లెక్కల సైటు చేశా. టేబుల్ పేరు మొదటి అక్షరం పెద్దది పెట్టి చేస్తే విండోస్‌లో మైఎస్‌క్యూఎల్ దాన్ని చిన్నది చేసి దాచుకుంది, నా కోడ్‌లో పెద్దదే ఉంది. ఇంట్లో నడిచింది. లైవ్‌కి పోతే అసలు ఆ టేబులే లేదంది. తెల్లారి మార్కెట్ టైముకి లెక్క తెరవలేక, షావుకారు చేతి పుస్తకం తీసి నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు ఇంకా గుర్తుంది.

కావలి_కుర్రోడు:

అక్కా, సారీ, 777 మాట వెనక్కి తీసుకుంటున్నా. నా సైట్లో ఉన్నవి కూడా ఇప్పుడే మార్చుకున్నా 😅

గరిటె_కోడలు:

పండగ అయిపోయింది, అందుకే లేటుగా రాస్తున్నా. ఫోటోలన్నీ వచ్చాయి. నేను జాంప్ ఆపేసి, వైఫై తీసేసి, మొబైల్ డేటాతో చూసి మరీ మామకి చెప్పా. చెరువు దగ్గర జనంలో సిగ్నల్ సరిగ్గా లేక పేజీ మెల్లగా తెరుచుకుందట, ఫోటోలు చిన్నవి చెయ్యాలి, దానికి వేరే పోస్టు పెడతా. సాయంత్రానికి ఫారంలో పదకొండు వచ్చాయి, ఏడు తెలుగులో. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో కూడా తెరిచి చూసుకున్నా, అక్కడా తెలుగే.

అన్నలిద్దరికీ దండాలు. మామ రాత్రి ఇంటికొచ్చి, బస్సు బడలికతో మంచం మీద కూర్చుని, సైటు మొత్తం మొదటిసారి నిదానంగా కిందికి జరుపుకుంటా చూశాడు. ఏమంటాడా అని నిలబడి ఉన్నా. "ఉప్పు గరిటెకి పది రూపాయలు తక్కువేశావే" అన్నాడు. నిజమే, తప్పు వేశా. మార్చేశా.